నలభై దాటాక నేర్చిన ఈత

అనంతగిరి కొండల్లో చిన్న చిన్న ఊటలు పుడతాయి. ఊటలు కలిసి గెడ్డలవుతాయి. గెడ్డలు కలిసి గోస్తనీ నది అవుతుంది. గోస్తని బొర్రా గుహల కింది నుంచి పారుతుంది. కొండ దిగి తాటిపూడి జలాశయం చేరుతుంది. అక్కడి నుంచి సాగి భీమునిపట్నం దగ్గర సముద్రంలో కలుస్తుంది.

అంటే ఈ కొండల మీద కురిసిన వాన చివరికి సముద్రానికే చేరుతుందన్నమాట. ఆ సముద్రాన్ని కొందరు అక్కలు చూసే ఉంటారు. పెద్దాసుపత్రి పని మీద విశాఖపట్నం వెళ్ళినప్పుడు చూసి ఉంటారు. చాలామంది ఇంకా చూడలేదు. చూసినవాళ్ళని అడగండి. "అమ్మో! అవతలి ఒడ్డు కనపడదు. అల వెనక్కి పోతుంటే కాళ్ళ కింద ఇసుక జారిపోతుంది" అంటారు.

ఆ సముద్రంలో ఒక మహిళ ఈదింది. విశాఖపట్నం నుంచి కాకినాడ దాకా ఈదింది. దూరం 150 కిలోమీటర్లు. అప్పటికి ఆమె వయసు యాభై దాటింది.

ఇంకో సంగతి వినండి. నలభై ఏళ్ళు దాటే వరకు ఆమెకు ఈత రాదు. పైగా నీళ్ళంటే భయం.

ఆమె పేరు గోలి శ్యామల. ఈ పాఠం ఆమె గురించి.

నీళ్ళంటే భయం

శ్యామలది సామర్లకోట. ఇప్పుడది కాకినాడ జిల్లాలో ఉంది. విశాఖపట్నం నుంచి రాజమండ్రి వైపు రైల్లో వెళ్తే తుని, అన్నవరం, పిఠాపురం దాటాక సామర్లకోట వస్తుంది. శ్యామల తర్వాత హైదరాబాదులో స్థిరపడింది. అక్కడ బొమ్మల సినిమాలు తయారుచేసే పనిలో ఉండేది. బొమ్మలు కదిలినట్టు, మాట్లాడినట్టు చూపించే సినిమాలు అవి. కుర్చీలో కూర్చుని చేసే పని. ఆటలతో, పోటీలతో ఆమెకు పని లేదు.

నీళ్ళ భయం మాత్రం ఉండేది. లోతు చూస్తే గుండె దడ.

ఇలాంటి భయం చాలామందికి ఉంటుంది. కొందరు ఆ భయాన్ని దాచుకుంటారు. "నాకు నీళ్ళతో ఏం పని?" అని తప్పించుకుంటారు. ఏళ్ళు గడిచిపోతాయి. తర్వాత "ఈ వయసులో ఇప్పుడెందుకు?" అంటారు.

శ్యామల అలా అనలేదు. భయం పోవాలంటే ఈత రావాలి అనుకుంది. నేర్చుకోవడానికి వెళ్ళింది. అప్పుడామె వయసు నలభై దాటింది. ఈత కొలనులో నేర్చుకునేది ఎక్కువగా చిన్నపిల్లలే. పిల్లలు నేర్చుకునే విద్యను ఆమె పిల్లల తల్లుల వయసులో మొదలుపెట్టింది.

అక్షరాలు దిద్దడానికి మొదటిరోజు రాత్రి కేంద్రానికి వచ్చిన అక్కలకు ఈ సంగతి వేరే చెప్పనక్కర్లేదు. పలక పట్టుకుంటే చెయ్యి వణికింది కదా! ఎవరైనా చూసి నవ్వుతారేమో అనిపించింది కదా! నీళ్ళలో మొదటిసారి దిగడం కూడా అలాంటిదే.

మనిషి నీళ్ళ మీద ఎలా తేలుతుంది?

ఒక ఖాళీ బిందె తీసుకోండి. నీళ్ళ తొట్టిలో మెల్లగా పెట్టండి. తేలుతుంది. ఇప్పుడు బిందెలో నీళ్ళు నింపండి. మునిగిపోతుంది. బిందె అదే. లోపల గాలి ఉంటే తేలింది. గాలి పోయి నీళ్ళు చేరితే మునిగింది.

మన రొమ్ములో ఊపిరితిత్తులు ఉన్నాయి. అవి గాలి నిండిన బిందెలాంటివి. ఊపిరి నిండా పీల్చి, ఒళ్ళు వదులుగా ఉంచి, నీళ్ళ మీద వెల్లకిలా పడుకుంటే ఒళ్ళు చాలావరకు తేలుతుంది. భయపడినప్పుడు ఏం జరుగుతుంది? చేతులు పైకెత్తి కొట్టుకుంటాం. తల పైకి లేపాలని చూస్తాం. అరుస్తాం. నోట్లోకి నీళ్ళు పోతాయి. మనిషి మునిగిపోతుంది. అందుకే నీళ్ళలో భయం అన్నిటికంటే పెద్ద శత్రువు.

ఈత నేర్పేవాళ్ళు మొదటిరోజే చేతులు ఆడించమని చెప్పరు. ముందు నడుములోతు నీళ్ళలో నిలబెడతారు. ముఖం నీళ్ళలో ముంచి, ముక్కుతో, నోటితో గాలి వదలమంటారు. నీళ్ళలో బుడగలు వస్తాయి. తల పైకెత్తి గాలి పీల్చమంటారు. దీన్ని పదే పదే చేయిస్తారు. తర్వాత గట్టు పట్టుకుని కాళ్ళు ఆడించడం. ఆ తర్వాత గట్టు వదిలి తేలడం. చివరికి చేతులు ఆడించడం, తల పక్కకు తిప్పి గాలి పీల్చడం.

ముందు అ, ఆ. తర్వాత గుణింతం. తర్వాత మాట. తర్వాత వాక్యం. చదువు ఎలా వచ్చిందో ఈత కూడా అలాగే వస్తుంది. ఒకటి రాకుండా రెండోది రాదు.

కొలను నుంచి నదికి, నది నుంచి సముద్రానికి

శ్యామలకు ఈత వచ్చింది. భయం పోయింది. అంతటితో ఆగిపోవచ్చు. ఆమె ఆగలేదు.

కొలనులో నీళ్ళు కదలవు. అడుగు కనిపిస్తుంది. అలిసిపోతే గట్టు పట్టుకోవచ్చు. నదిలో అలా కాదు. నీళ్ళు లాగుతుంటాయి. అడుగు కనపడదు. పట్టుకోవడానికి గట్టు ఉండదు. శ్యామల కృష్ణలో ఈదింది. గంగలో ఈదింది. పెద్ద వయసు వాళ్ళకు పెట్టే ఈత పోటీల్లో పాల్గొంది.

తర్వాత సముద్రం మీదికి చూపు మళ్ళింది.

మన దేశానికి దక్షిణాన శ్రీలంక ఉంది. తమిళనాడుకు, శ్రీలంకకు మధ్య సన్నని సముద్రం ఉంది. దాన్ని పాక్ జలసంధి అంటారు. శ్రీలంకలో తలైమన్నారు అనే ఊరు ఉంది. ఇటు మన దేశంలో రామేశ్వరం పక్కన ధనుష్కోడి ఉంది. ఈ రెండింటి మధ్య దూరం సుమారు 30 కిలోమీటర్లు. అరకు నుంచి బొర్రా గుహలకు రోడ్డున వెళ్ళే దూరం కంటే కాస్త తక్కువ. ఆ దూరం బస్సులో పోతేనే ఒళ్ళు నొప్పులు పుడతాయి. మరి నడిస్తే? ఈదితే?

శ్యామల దానికి సిద్ధమైంది. రాజీవ్ త్రివేది అనే పెద్ద పోలీసు అధికారి ఆమెకు తోడ్పడ్డాడు. ఆయన అంతకుముందే ఆ జలసంధి ఈదినవాడు. తెలిసినవాళ్ళ దగ్గర నేర్చుకోవడం మంచి పద్ధతి. ఏ నీళ్ళు ఎటు లాగుతాయో ఒకసారి వెళ్ళొచ్చినవాళ్ళకే బాగా తెలుస్తుంది.

2020లో కరోనా వచ్చింది. ఎక్కడి ఈత కొలనులు అక్కడ మూసేశారు. దేశాల మధ్య రాకపోకలు ఆగిపోయాయి. సముద్రం ఈదాలనుకున్నవాళ్ళు ఒడ్డునే ఆగవలసి వచ్చింది.

చివరికి ఆ రోజు వచ్చింది. 2021 మార్చి 19. ఇంకా తెల్లవారలేదు. చీకట్లోనే శ్యామల శ్రీలంక తీరం నుంచి నీళ్ళలోకి దిగింది.

పడవ పక్కనే ఉంటుంది, పట్టుకోకూడదు

సముద్రం ఈదేవాళ్ళ పక్కన పడవ వస్తుంది. పడవలో దారి చూపేవాళ్ళు ఉంటారు. ఈదే మనిషిని కనిపెట్టి చూసేవాళ్ళు ఉంటారు. కానీ ఒక గట్టి నియమం ఉంది. ఈదే మనిషి పడవను పట్టుకోకూడదు. పడవలో మనిషిని కూడా ముట్టుకోకూడదు. ముట్టుకుంటే ఈత అక్కడితో అయిపోయినట్టే లెక్క.

మరి ఆకలేస్తే ఎలా? దాహమేస్తే ఎలా? సీసాకు తాడు కట్టి పడవలోంచి నీళ్ళలోకి వదులుతారు. ఈదే మనిషి నీళ్ళలో తేలుతూనే రెండు గుక్కలు తాగుతుంది. మెత్తని తిండి రెండు ముద్దలు మింగుతుంది. మళ్ళీ ఈత మొదలు. కూర్చోవడం లేదు. నిలబడడం లేదు.

ఉప్పునీళ్ళు నోట్లోకి వస్తుంటాయి. నాలుక పొక్కుతుంది. చంకల్లో, మెడ దగ్గర ఒళ్ళు ఒరుసుకుని పుండ్లు పడతాయి. అందుకే ముందుగానే ఒంటికి జిడ్డు మందు రాసుకుంటారు. సముద్రంలో జెల్లీ చేపలు ఉంటాయి. అవి తగిలితే దురదగొండి ఆకు తగిలినట్టు మంట పుడుతుంది. పైన ఎండ కాలుస్తుంది. అన్నిటికంటే కష్టం ఇంకోటి ఉంది. నీటి వాలు ఎదురు తిరిగితే ఎంత ఈదినా మనిషి ముందుకు పోదు. గంటసేపు చేతులు ఆడించినా ఉన్నచోటే ఉంటుంది. అప్పుడు మనసు ముందుగా అలిసిపోతుంది. చేతులు తర్వాత అలిసిపోతాయి.

శ్యామల ఈదుతూనే ఉంది. పొద్దు పొడిచింది. నడినెత్తికి వచ్చింది. పడమటికి వాలింది. సాయంత్రం ఆమె కాళ్ళకు ధనుష్కోడి ఇసుక తగిలింది.

మొత్తం 13 గంటల 43 నిమిషాలు పట్టింది. తెలుగు మహిళల్లో పాక్ జలసంధి ఈదిన మొదటి మనిషి గోలి శ్యామల.

నీళ్ళంటే భయపడిన మనిషే సముద్రం దాటింది.

ముందు నడిచిన అక్కలు

శ్యామలకు ముందు కూడా మన దేశంలో సముద్రాలు ఈదిన ఆడవాళ్ళు ఉన్నారు. వాళ్ళలో ఇద్దరి కథ తెలుసుకుందాం.

మొదటి ఆమె ఆరతి సాహా. ఊరు కలకత్తా. 1940లో పుట్టింది. రెండేళ్ళు దాటాయో లేదో తల్లి చనిపోయింది. ఆరతి చిన్నప్పుడే ఈత నేర్చింది. 1952లో ఫిన్‌లాండ్ దేశంలోని హెల్సింకీలో ఒలింపిక్ పోటీలు జరిగాయి. ప్రపంచంలోని దేశాలన్నీ పాల్గొనే పెద్ద పోటీలు అవి. ఆరతి మన దేశం తరఫున వెళ్ళింది. అప్పుడామెకు నిండా పన్నెండేళ్ళు లేవు. పదకొండేళ్ళ పిల్ల!

ఇంగ్లండుకు, ఫ్రాన్సుకు మధ్య ఇంగ్లిష్ చానెల్ అనే సముద్రం ఉంది. నీళ్ళు చాలా చల్లన. మాఘమాసంలో తెల్లవారుజామున గెడ్డలో దిగితే ఎలా ఉంటుందో తలుచుకోండి. అలాంటి చలిలో గంటలకొద్దీ ఈదాలి. 1959 ఆగస్టు 27న ఆరతి ఆ సముద్రంలో దిగింది. దారి చూపే పడవ ఆలస్యంగా వచ్చింది. మంచి వాలు ఉన్న సమయం చేజారింది. గంటల తరబడి ఈదింది. ఇంకో 5 మైళ్ళు ఈదితే ఒడ్డు. అంతలో నీటి వాలు ఎదురు తిరిగింది. ముందుకు పోలేక ఆగిపోవలసి వచ్చింది.

ఏడ్చి ఇంటికి పోయిందా? పోలేదు. నెల రోజులు అక్కడే ఉంది. మళ్ళీ సాధన చేసింది. సెప్టెంబరు 29న మళ్ళీ దిగింది. 16 గంటల 20 నిమిషాలు ఈదింది. ఇంగ్లండు ఒడ్డుకు చేరి మన జెండా ఎగరేసింది. ఆసియా ఖండంలోని ఆడవాళ్ళలో ఇంగ్లిష్ చానెల్ ఈదిన మొదటి మనిషి ఆరతి. అప్పటికి ఆమెకు పంతొమ్మిదేళ్ళు నిండి అయిదు రోజులు. 1960లో ప్రభుత్వం ఆమెకు పద్మశ్రీ ఇచ్చింది. క్రీడల్లో ఆ గౌరవం అందుకున్న మొదటి భారతీయ మహిళ ఆమే. 1994లో ఆరతి జబ్బుతో చనిపోయింది. 1999లో ఆమె బొమ్మతో తపాలా బిళ్ళ వచ్చింది.

రెండో ఆమె బులా చౌదరి. ఈమెది కూడా బెంగాలే. తొమ్మిదేళ్ళ వయసులోనే జాతీయ పోటీల్లో గెలిచింది. పెద్దయ్యాక ఇంగ్లిష్ చానెల్‌ను రెండుసార్లు ఈదింది. ఒకసారి 1989లో, మరోసారి 1999లో. 2004లో పాక్ జలసంధి ఈదింది. శ్యామల వెళ్ళిన దారిలో ముందు వెళ్ళిన అక్క ఈమే.

ఇక్కడ ఒక తేడా గమనించండి. ఆరతి చిన్నపిల్లగా ఉన్నప్పుడే ఈత నేర్చింది. బులా కూడా అంతే. ఆటల్లో పేరు తెచ్చుకున్నవాళ్ళు చాలామంది చిన్నప్పుడే మొదలుపెడతారు. శ్యామల నలభై దాటాక మొదలుపెట్టింది. ఆరతిలా ఒలింపిక్ పోటీలకు వెళ్ళే వయసు కాదది. అయినా ఆమెకు తగిన దారి ఒకటి దొరికింది. అది దూరం ఈదే దారి. దూరం ఈదడానికి వేగం ఒక్కటే చాలదు. ఓపిక కావాలి. చేతులు ఒకే తీరుగా ఆడాలి. మనసు చెదరకూడదు. ఓపిక ఆడవాళ్ళకు కొత్తా? పొద్దున లేచింది మొదలు నీళ్ళు, కట్టెలు, చేను, పొయ్యి, పిల్లలు. రోజంతా ఓపికే కదా!

విశాఖపట్నం నుంచి కాకినాడకు

పాక్ జలసంధి దాటాక కూడా శ్యామల ఆగలేదు. 2024లో లక్షద్వీప్‌కు వెళ్ళింది. అవి అరేబియా సముద్రంలో ఉన్న చిన్న చిన్న దీవులు. అక్కడ కిల్తాన్ దీవి నుంచి కడ్మత్ దీవికి ఈదింది. దూరం దాదాపు 48 కిలోమీటర్లు.

తర్వాత సొంత తీరానికి వచ్చింది. 2024 డిసెంబరు 28న విశాఖపట్నంలో ఆర్.కె. బీచ్ దగ్గర నీళ్ళలో దిగింది. చేరవలసింది కాకినాడ. అది ఆమె పుట్టిన ఊరికి దగ్గరి తీరం. దూరం 150 కిలోమీటర్లు.

విశాఖపట్నం నుంచి అరకు రోడ్డున సుమారు 115 కిలోమీటర్లు. అంటే అరకు దాటి ఇంకా పోవాలి. అంత దూరం ఒక్క రోజులో ఎవరూ ఈదలేరు. రోజుకు కొంత చొప్పున ఈదింది. ఈరోజు ఎక్కడ ఆగిందో రేపు అక్కడి నుంచి మొదలు. పక్కన పడవల్లో మనుషులు ఉన్నారు. అది చలికాలం. పొద్దున్నే నీళ్ళు చల్లగా ఉంటాయి. నిన్నటి నొప్పి చేతుల్లో అలాగే ఉంటుంది. ఆ చేతులతోనే మళ్ళీ దిగాలి.

2025 జనవరి 3న కాకినాడ తీరం చేరింది. జనం ఒడ్డు మీద నిలబడి స్వాగతం చెప్పారు.

మొదటిసారి నీళ్ళలో ముఖం ముంచి బుడగలు వదిలిన మనిషే 150 కిలోమీటర్ల సముద్రం ఈదింది. ఈ రెండింటికీ మధ్య ఏముంది? మంత్రం లేదు. రోజూ చేసిన సాధన ఉంది.

మనకు కొలను లేదు. ఈ కథ మనకెందుకు?

ఒక పిన్ని ఇలా అడగవచ్చు. "ఆమె పట్నంలో ఉంది. అక్కడ కొలను ఉంది. నేర్పేవాళ్ళు ఉన్నారు. పడవలున్నాయి. మా ఊళ్ళో ఏముంది? గెడ్డ ఒక్కటే ఉంది."

పిన్ని అడిగిన మాట నిజం. సౌకర్యాలు అందరికీ ఒకేలా లేవు. కొండ ఊళ్ళకు ఈత కొలనులు రాలేదు. చాలా ఊళ్ళకు గెడ్డ మీద వంతెన కూడా లేదు. వానాకాలంలో సంతకు పోవాలన్నా గెడ్డ దాటాలి. పిల్లలు బడికి పోవాలన్నా దాటాలి. నొప్పులు పడుతున్న తల్లిని డోలీలో మోసుకుపోవాలన్నా దాటాలి. అందుకే నీళ్ళ గురించిన తెలివి పట్నం వాళ్ళకంటే కొండ ఊళ్ళ ఆడవాళ్ళకే ఎక్కువ అవసరం.

ఈ కింది సంగతులు గుర్తుపెట్టుకోండి. ఇంట్లో వాళ్ళకూ చెప్పండి.

గెడ్డ పొంగినప్పుడు దాటవద్దు. ఈత వచ్చినా దాటవద్దు. మోకాలి లోతు నీళ్ళు కూడా జోరుగా పారుతుంటే మనిషిని పడేస్తాయి. ఇక్కడ వాన లేకపోయినా పై కొండ మీద వాన పడితే గెడ్డ ఉన్నట్టుండి పెరుగుతుంది. నీళ్ళు ఎర్రగా మారాయంటే, ఆకులు, పుల్లలు కొట్టుకొస్తున్నాయంటే వరద వస్తున్నట్టే. వెంటనే ఒడ్డెక్కండి. శ్యామల కూడా పడవ లేకుండా, దారి తెలిసినవాళ్ళు లేకుండా సముద్రంలో దిగలేదు. ధైర్యం అంటే తెగించి దూకడం కాదు.

కల్లు తాగి ఉన్నవాళ్ళని ఒంటరిగా గెడ్డ దాటనివ్వవద్దు.

చిన్నపిల్లల్ని నీళ్ళ దగ్గర ఒంటరిగా వదలవద్దు. బట్టలు ఉతుకుతూ ఒక్క నిమిషం తల తిప్పినా ప్రమాదమే. మునిగే పిల్లలు చాలాసార్లు అరవలేరు. చప్పుడు లేకుండానే మునిగిపోతారు.

ఎవరైనా మునుగుతుంటే ఈత రానివాళ్ళు వెంటనే దూకవద్దు. భయంతో ఉన్న మనిషి దొరికినదాన్ని గట్టిగా పట్టుకుంటుంది. ఇద్దరూ మునిగిపోతారు. ఒడ్డున నిలబడి పొడుగాటి వెదురు గడ అందించండి. తాడు విసరండి. ఏదీ లేకపోతే చీర విసరండి. మూత బిగించిన ఖాళీ నూనె డబ్బా ఉంటే విసరండి. అందులో గాలి ఉంటుంది కాబట్టి తేలుతుంది. దాన్ని పట్టుకుంటే మనిషి కూడా తేలుతుంది. బిందె లెక్క గుర్తుందా?

బయటికి తీసిన మనిషిని తలకిందులుగా వేలాడదీయవద్దు. గిరగిరా తిప్పవద్దు. పొట్ట నొక్కవద్దు. వీటివల్ల సమయం పోతుంది. మేలు జరగదు. వెల్లకిలా పడుకోబెట్టండి. ఊపిరి ఉందో లేదో చూడండి. ఊపిరి లేకపోతే నోట్లో నోరు పెట్టి గాలి ఊదాలి. రొమ్ము మధ్య రెండు చేతులతో నొక్కాలి. ఈ పద్ధతిని ఆరోగ్య కార్యకర్తను అడిగి చేతులతో చేసి నేర్చుకోండి. వెంటనే 108కి ఫోను చేయించండి.

ఇక ఈత సంగతి. వాన లేని కాలంలో, నడుములోతు నిలకడ నీళ్ళు ఉన్నచోట, ఈత బాగా వచ్చినవాళ్ళు పక్కన ఉండగా పిల్లలకు ఈత నేర్పించవచ్చు. మగపిల్లలు ఎలాగోలా నేర్చేసుకుంటారు. ఆడపిల్లల్ని "నీకెందుకు?" అంటారు. వరదకు మగపిల్ల, ఆడపిల్ల అనే తేడా తెలియదు. ఆడపిల్లకూ ఈత రావాలి.

చివరి మాట

శ్యామల సాధించింది పెద్ద విజయం. పత్రికల్లో వచ్చింది. జనం చప్పట్లు కొట్టారు. కానీ అన్నిటికంటే కష్టమైన రోజు బహుశా పాక్ జలసంధి దాటిన రోజు కాదు. నలభై దాటిన వయసులో, భయం గుండెల్లో ఉండగా, మొదటిసారి నీళ్ళలో కాలు పెట్టిన రోజు. ఆ రోజు ఒడ్డు మీద జనం లేరు. చప్పట్లు లేవు. పత్రికల వాళ్ళు లేరు.

ఈ పాఠం చదువుతున్న ప్రతి అక్కకూ అలాంటి రోజు ఒకటి ఉంది. పని ముగించుకుని, పిల్లల్ని పడుకోబెట్టి, లాంతరు వెలుగులో మొదటిసారి పలక పట్టిన రోజు. ఆ రోజు దాటబట్టే ఈ పాఠం చివరి దాకా చదవగలిగారు. ఈత అయినా చదువు అయినా నేర్చి వదిలేస్తే చేతులు మరిచిపోతాయి. రోజూ కొంచెం చదవండి. రోజూ నాలుగు ముక్కలు రాయండి.

కొత్త మాటలు

జలసంధి: రెండు భూభాగాల మధ్య ఉండే సన్నని సముద్రం.
వాలు: నీళ్ళు లాగే దిక్కు.
సాధన: ఒక పనిని రోజూ చేసి నేర్చుకోవడం.
దీవి: చుట్టూ నీళ్ళున్న భూమి.

చెప్పండి

1. శ్యామల ఈత ఎందుకు నేర్చుకుంది?
2. ఖాళీ బిందె ఎందుకు తేలుతుంది?
3. సముద్రం ఈదే మనిషి పడవను పట్టుకుంటే ఏమవుతుంది?
4. ఆరతి మొదటిసారి ఎందుకు ఆగిపోయింది? తర్వాత ఏం చేసింది?
5. మునుగుతున్న మనిషికి ఒడ్డు మీద నుంచి ఎలా సాయం చేయాలి?

లెక్క చేయండి

1. పాక్ జలసంధి 30 కిలోమీటర్లు. విశాఖపట్నం నుంచి కాకినాడకు 150 కిలోమీటర్లు. రెండోది మొదటిదానికి ఎన్ని రెట్లు?
2. ఆరతి 1940లో పుట్టింది. 1994లో చనిపోయింది. ఎన్నేళ్ళు బతికింది?

మాట్లాడుకోండి

మీ ఊరి గెడ్డ మీద వంతెన ఉందా? లేకపోతే వానాకాలంలో ఎవరెవరికి ఇబ్బంది? అందరూ కూర్చుని మాట్లాడుకోండి. వంతెన కావాలని కోరుతూ మండల అధికారికి ఒక అర్జీ మీరే రాయండి. కింద వేలిముద్ర వేయవద్దు. మీ పేరు మీరే రాసి సంతకం పెట్టండి.